వర్ధంతి అనడం తప్పా? ఇది ఎన్నో జయంతి?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో రోజూ ప్రార్థన వేళకు ‘నేటి ప్రత్యేకత’ బోర్డు రాసే పని నాది. ఆ తేదీన పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, జరుపుకునే దినాలు అన్నీ రాస్తాను. వర్ధంతి అంటే వృద్ధి చెందడం కాబట్టి చనిపోయిన రోజుకు ఆ మాట తప్పని మా సహోద్యోగి అంటున్నారు. 2023 ఆగస్టు 29న ‘గిడుగు రామమూర్తి 160వ జయంతి’ అని రాస్తే, 161 అని దిద్దారు. క్యాన్సర్, ఎయిడ్స్ పేరున వచ్చే రోజులకు ‘దినోత్సవం’ అనవచ్చా? పిల్లలు చూసి రాసుకునే బోర్డు కదా, రోజూ టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక తెలుగు ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, ముందుగా వర్ధంతి సంగతి. మీ సహోద్యోగి చెప్పిన వ్యుత్పత్తి నిజమే. వృద్ధి, అభివృద్ధి, వర్ధిల్లు అనే మాటల్లో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. పక్కనున్న కన్నడంలో వర్ధంతి అంటే ఇప్పటికీ పుట్టినరోజే. ఆషాఢంలో మైసూరు చాముండి కొండ మీద జరిగే చాముండేశ్వరి వర్ధంతి అమ్మవారి జన్మదిన వేడుక. మైసూరు మహారాజుల పుట్టినరోజులకూ అదే పేరు ఉండేది. కాబట్టి ఆయనకు అనుమానం రావడంలో వింత లేదు.

అయితే ధాతువు చూసి మాటకు అర్థం తేల్చలేం. తద్దినం అనే మాటనే తీసుకోండి. విడదీస్తే ‘ఆ రోజు’ అని తప్ప అందులో ఇంకేమీ లేదు. అలాగని పెళ్లిరోజును ఎవరైనా తద్దినం అంటారా? అర్థం వాడుకలోంచి వస్తుంది. వర్ధంతిని తెలుగువాళ్లు పోయిన రోజుకు స్థిరపరచుకున్నారు. జనవరి 30 గాంధీజీ వర్ధంతి అంటే ఊళ్లో ఎవరూ పొరపడరు. ఇప్పుడు ధాతువు పేరు చెప్పి దాన్ని పుట్టినరోజుకు మార్చితేనే గందరగోళం.

మరి పెరుగుదల మాట పోయిన రోజుకు ఎలా వచ్చింది? నా అభిప్రాయం చెబుతాను. అశుభాన్ని నోటితో పలకడానికి మనవాళ్లు వెనకాడతారు. చేతి గాజు చిట్లితే ‘పగిలింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. మంగళసూత్రం తెగినా ‘పెరిగింది’ అనే అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’. లేనిదాన్ని ఉన్నట్టుగా, తెగినదాన్ని పెరిగినట్టుగా చెప్పుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా కాపాడిన పలుకుబడి. పెరగడం అనే అర్థమున్న వర్ధంతి పోయినవారి రోజుకు పేరు కావడం వెనకా ఆ మనసే ఉందని నేను నమ్ముతాను. ఇంత అందమైన మాటను తప్పని కొట్టేయడం న్యాయం కాదు.

ఇంకొక్క తేడా మీ బోర్డుకు అక్కరకు వస్తుంది. ఇంట్లో పోయినవారికి పెట్టేది సంవత్సరీకం, ఆబ్దికం, తద్దినం. లోకం తలచుకునే పెద్దలకు వర్ధంతి. సన్యాసం స్వీకరించి సిద్ధి పొందినవారికి మాత్రం ఆరాధన. అందుకే మంత్రాలయంలో శ్రావణ బహుళ విదియకు జరిగేది రాఘవేంద్రస్వామి ఆరాధన. త్యాగరాజస్వామి కూడా చివర్లో సన్యాసం తీసుకున్నారు, కాబట్టి పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో జరిగేది త్యాగరాజ ఆరాధన. అన్నమయ్యకు ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు తిరుమల తిరుపతి దేవస్థానం జరిపేది వర్ధంతి. ఇవన్నీ తిథులను బట్టి వచ్చేవి, ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. ఒకే తేదీకి కట్టిపడేసి రాయకండి.

తేదీ మారడం మన పంచాంగానికే పరిమితం కాదు. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లామ్ 1976 ఆగస్టు 29న ఢాకాలో కన్నుమూశారు. బంగ్లాదేశ్‌లో మాత్రం ఆయన వర్ధంతిని బెంగాలీ క్యాలెండరు ప్రకారం భాద్ర మాసం 12న జరుపుతారు, అది ఇప్పుడు ఆగస్టు 27కు వస్తుంది. మీరు 29న రాస్తే ‘1976లో ఇదే తేదీన కన్నుమూశారు’ అని రాయండి, ఇబ్బంది ఉండదు.

జయంతి మాట శ్రీకృష్ణుడి నుంచి వచ్చింది. శ్రావణ బహుళాష్టమి రోహిణీ నక్షత్రంతో కలిస్తే ఆ యోగానికి జయంతి అని పేరు. అక్కడి నుంచి నృసింహ జయంతి, శంకర జయంతి, గాంధీ జయంతి దాకా సాగింది. తెలుగు వాడుకలో కీర్తిశేషులకే జయంతి, బతికి ఉన్నవారికి పుట్టినరోజు లేదా జన్మదినం. ఆగస్టు 29నే చూడండి: గిడుగు జయంతి, ధ్యాన్‌చంద్ జయంతి, నాగార్జున పుట్టినరోజు. సినిమా నటుడికి జయంతి అని రాశారో, అభిమానుల గుండె గుభేలుమంటుంది. సంస్థలకు వచ్చే రజత జయంతి, స్వర్ణ జయంతి వేరు, వాటికి ఈ పట్టింపు లేదు.

ఇక లెక్క. ఇక్కడ మీరు రాసిందే సరైనది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. బిడ్డకు మొదటి పుట్టినరోజు ఏడాది నిండాకే చేస్తాం, పుట్టిన రోజునే చేయం కదా. అదే లెక్కన ఆయన మొదటి జయంతి 1864లో వస్తుంది, 2023లో వచ్చింది 160వది. వర్ధంతికీ ఇంతే. ఆయన 1940 జనవరి 22న పోయారు, మొదటి వర్ధంతి 1941 జనవరి 22. ఈ ఏటి అంకెలోంచి పుట్టిన ఏడాదినో, పోయిన ఏడాదినో తీసేయండి, చాలు. షష్టిపూర్తి అనే మాటలోనే ‘పూర్తి’ ఉంది చూడండి, నిండిన ఏళ్లనే మన లెక్క పట్టించుకుంటుంది. (అరవైకి ‘షష్టి’, ఆరో తిథికి ‘షష్ఠి’. సుబ్రహ్మణ్య షష్ఠికి ఒత్తు ఉండాలి, షష్టిపూర్తికి ఉండకూడదు. శుభలేఖల్లో ఇది తారుమారవడం తరచూ చూస్తుంటాం.)

మరి 161 ఎక్కడి నుంచి వచ్చింది? ఉత్సవాలను లెక్కపెట్టే పద్ధతి నుంచి. స్వాతంత్ర్య దినోత్సవంలో 1947 ఆగస్టు 15 మొదటిది. అందుకే 2022లో స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లు నిండితే, జరిగింది 76వ స్వాతంత్ర్య దినోత్సవం. అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 జూన్ 21న మొదటిసారి జరిగింది, కనుక 2024లో జరిగింది పదోది. జరిగిన ఉత్సవాలను లెక్కపెడితే మొదటిది కూడా లెక్కలోకి వస్తుంది, అప్పుడు ఒకటి కలపాలి. మనిషి వయసును లెక్కపెడితే కలపకూడదు. మీ సహోద్యోగి మొదటి లెక్కను తెచ్చి రెండోదానికి పెట్టారు.

ఏడాది పొడవునా చేసే ఉత్సవాల వల్ల కూడా ఈ తడబాటు వస్తుంది. ఎన్టీఆర్ 1923 మే 28న పుట్టారు. శతజయంతి ఉత్సవాలు 2022 మే 28న మొదలయ్యాయి, శతజయంతి మాత్రం 2023 మే 28నే. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది, దశాబ్ది ఉత్సవాలు 2023 జూన్‌లో జరిగాయి, అంటే పదో ఏట అడుగుపెట్టినప్పుడు. పదేళ్లు నిండింది 2024లో. ‘శతజయంతి సంవత్సరం ప్రారంభం’ అనీ, ‘పదో ఏట ప్రవేశం’ అనీ రాస్తే పిల్లలకు లెక్క తప్పదు.

దినోత్సవం గురించి మీ బెరుకు సరైనదే. ఉత్సవం అంటే సంబరం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. ఫిబ్రవరి 4ను ‘క్యాన్సర్ దినోత్సవం’ అంటే, ఆ జబ్బుతో బాధపడుతున్న తల్లి ఇంట్లో ఉన్న పిల్లకు ఎలా ఉంటుంది? ‘ప్రపంచ క్యాన్సర్ అవగాహన దినం’, డిసెంబరు 1కి ‘ఎయిడ్స్ నివారణ దినం’ అని రాయండి. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద నేలకొరిగిన పోలీసులను తలచుకునే అక్టోబరు 21ని ‘పోలీసు అమరవీరుల సంస్మరణ దినం’ అంటే ఎంత హుందాగా ఉంటుందో మీరే పలికి చూడండి. పత్రికల్లో దినోత్సవం అని వస్తోంది కదా అంటారేమో. వాడుకను నేను గౌరవిస్తాను, కానీ ఇక్కడ దినం, దినోత్సవం రెండూ వాడుకలోనే ఉన్నాయి. రెండున్నప్పుడు సందర్భానికి తగినది ఏరుకోవచ్చు.

‘జయంతి దినోత్సవం’, ‘వర్ధంతి దినం’ అని మాత్రం రాయకండి. రోజు ఆ మాటల్లోనే ఉంది. అలాగే జయంతికి, వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పడం ఈమధ్య ఫోన్లలో కనిపిస్తోంది. శుభాకాంక్షలు అందుకోవడానికి మనిషి ఉండాలి. కీర్తిశేషులకు నివాళి అనండి. నివాళి అంటే హారతి, జయంతికైనా వర్ధంతికైనా సరిపోతుంది.