సున్నాలు చూసి బ్రష్ కొనకండి: మన ఎండల్లో మినియేచర్లకు ఏది పనికొస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు మహారాష్ట్రలోని రాజురాలో ఉంటారు, కొత్తగా వార్‌హామర్ అనే బల్లమీది యుద్ధపు ఆటలోని చిన్న బొమ్మలకు (మినియేచర్లకు) రంగులు వేయడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్‌లో 000 సైజు దాకా ఉన్న సన్న బ్రష్‌ల సెట్ తెప్పించారు (సున్నాలు పెరిగినకొద్దీ బ్రష్ సన్నబడుతుంది). కళ్ళు వేయబోతే రంగు బొమ్మకు అంటడం లేదు, కొద్ది రోజులకే మొన రెండుగా చీలింది. ఇంకా సన్నది, 5/0 (ఐదు సున్నాలు) లాంటిది కొనాలా, లేకపోతే వేలు పోసి కొలిన్‌స్కీ అనే అసలు వెంట్రుకల బ్రష్ కొనాలా అని అడిగారు.

రెండూ వద్దు. 1 లేదా 2 సైజు గుండ్రటి సింథటిక్ బ్రష్ ఒకటి, మొన బాగా కూడుకునేది చూసి కొనండి. కళ్ళు కూడా దాంతోనే వేయండి.

నేను పక్కనే బల్లార్షాలో ఉంటాను, బొమ్మలు వేసేది సాయంత్రాలే. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 46, 47 డిగ్రీలు, గాలిలో తడి అన్నది ఉండదు. మనం వాడే రంగులు యాక్రిలిక్‌లు. నీళ్ళు ఆవిరైతే అవి ప్లాస్టిక్ పొరలా గట్టిపడిపోతాయి, మళ్ళీ నీళ్ళు తగిలించినా కరగవు. 000 బ్రష్ పట్టేది ఒక చిన్న బొట్టు. పాలెట్ దగ్గర ముంచి, బొమ్మను తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, కన్ను ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆ బొట్టు మొన మీదే ఆరిపోతుంది. ఆరిన రంగు వెంట్రుకల మధ్య చేరి వాటిని విడదీస్తుంది. మీ మొన చీలింది అందుకే. అంతకన్నా సన్నది కొంటే ఇంకా తొందరగా ఆరుతుంది తప్ప పని జరగదు.

బ్రష్‌లో చూడాల్సింది మొన, పొట్ట. కుచ్చు మధ్యలో లావుగా ఉండే భాగమే పొట్ట. రంగు నిలవ ఉండేది అక్కడే. మొన దగ్గర తడి తగ్గుతున్నకొద్దీ పొట్టలోంచి కిందికి దిగుతూ ఉంటుంది. 2 సైజు బ్రష్‌కి మంచి మొన ఉంటే గీసే గీత 000 గీతంత సన్నగానే వస్తుంది, ఎందుకంటే బొమ్మకు తగిలేది ఆ చివరి నాలుగు వెంట్రుకలే. 28 మిల్లీమీటర్ల బొమ్మకు కన్ను ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ మొనను తాకించి తీసేయడమే పని, రుద్దడం ఉండదు.

మా మేనల్లుడు మొదట్లో నమ్మలేదు. వాడికి ఇచ్చిన 2 సైజు బ్రష్ చూసి "మామా, ఇది బ్రష్షా, చీపురా?" అన్నాడు. ఒక సైనికుడి ముఖం వాడి చేతే వేయించాను. ముందు కంటి గుంటంతా ముదురు గోధుమ రంగు, దాని మీద అడ్డంగా తెల్ల గీత, మధ్యలో నిలువుగా నల్ల గీత, చివర్లో పైనా కిందా చర్మం రంగుతో సర్దడం. నల్లది చుక్కలా పెట్టకుండా గీతలా లాగితే బొమ్మ గుడ్లు మిటకరించి చూస్తున్నట్టు కనపడదు. ఇంత పనిలో వాడు బ్రష్ మార్చలేదు.

ఇక కొనే దగ్గరికి వద్దాం. చాందాలో (చంద్రపూర్‌లో) స్టేషనరీ దుకాణాల్లో బ్రష్‌లు విడిగా దొరుకుతాయి, నా మాట విని అక్కడికే వెళ్ళండి. ఆన్‌లైన్‌లో బ్రష్‌ను పరీక్షించే వీలు లేదు. కామెల్ 66 సిరీస్ గుండ్రటి సింథటిక్ చాలాచోట్ల ఉంటుంది, మొదలుపెట్టడానికి అది చాలు. ఒకే సైజులో దుకాణంలో ఉన్నవన్నీ బయట పెట్టమనండి. కొత్త బ్రష్ మొన ఎంత వాడిగా ఉన్నా నమ్మకండి, అది ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు. ఒక గ్లాసు నీళ్ళు అడిగి, ఆ జిగురు పోయేదాకా కుచ్చును వేళ్ళతో మెల్లగా కడగండి. తర్వాత మణికట్టుతో ఒక్క విదిలింపు విదిలించండి. వెంట్రుకలన్నీ తమంతట తామే ఒక మొనకు చేరాలి. రెండు పాయలైతే పక్కన పెట్టేయండి. చేరితే బొటనవేలి గోరు మీద కొంచెం వంచి వదలండి, తిరిగి నిటారుగా రావాలి. వెంట్రుకలను పట్టి ఉంచే రేకు తొడుగు కర్ర మీద కదలకూడదు. దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ఈ పరీక్ష అన్ని దుకాణాల్లో ఒప్పుకోరన్నది నిజమే, కానీ కొంటానన్న మనిషికి నీళ్ళు ఇవ్వననేవాడు తక్కువ.

సైజు నంబర్లకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. ఒకరి 1 ఇంకొకరి 2 అంత ఉండొచ్చు. కాబట్టి నంబరు కన్నా కంటిని నమ్మండి.

దుకాణంలో అసలు వెంట్రుకల బ్రష్ అని గోధుమ రంగుది చూపిస్తే జాగ్రత్త. వెంట్రుకకు చివర ముదురు రంగు, మధ్యలో లేత మీగడ రంగు పట్టీ కనిపిస్తే అది ముంగిస వెంట్రుక కావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ విభాగం ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ పేరుతో దేశవ్యాప్తంగా దాడులు చేసింది సరిగ్గా ఈ బ్రష్‌ల మీదే. ఒక్క బ్రష్ కోసం ముంగిసలను చంపించడం నాకైతే మనసొప్పదు, చట్టం సంగతి తర్వాత.

కొలిన్‌స్కీ మంచిది కాదని నేననను. అది సైబీరియా వీజెల్ అనే జంతువు తోక వెంట్రుక. మొన, పొట్ట రెండూ దానికి సహజంగానే ఉంటాయి. అందరూ చెప్పే విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 కూడా అదే. 1866లో విక్టోరియా రాణి తనకిష్టమైన 7 సైజులో బ్రష్‌లు చేయించుకుందట, ఆ పేరు అలా వచ్చింది. నీటిరంగులు వేసే రాణిగారికి కూడా సున్నాల మీద మోజు లేదన్నమాట! ఆ సిరీస్‌లోనే మినియేచర్ అని రాసి ఉండే రకం ఒకటుంది. పేరు చూసి మన కోసమే చేశారనుకుంటాం. దాని కుచ్చు పొట్టి, రంగు తక్కువ పడుతుంది, మన ఎండకు అసలు సరిపడదు. ఇంకో చిక్కు, ఆ వీజెల్ భారతదేశం కోరిక మీదే సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం మూడో అనుబంధంలో ఉంది. సరైన కాగితాలు లేకుండా విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. నేర్చుకునే దశలో ఆ టెన్షన్ ఎందుకు?

సింథటిక్‌కు ఒక జబ్బు ఉంది. వాడగా వాడగా మొన కొక్కెంలా వంగుతుంది. బాగా వేడి నీళ్ళలో కుచ్చును మాత్రం కొద్ది క్షణాలు ముంచి, వేళ్ళతో సర్ది ఆరనిస్తే కొన్నాళ్ళు నిలబడుతుంది. రేకు తొడుగు దాకా ముంచితే లోపలి జిగురు వదులవుతుంది. ఈ వైద్యం అసలు వెంట్రుకకు చేయకూడదు. రంగును ఎప్పుడూ కుచ్చులో సగానికి మించి ఎక్కనివ్వకండి, తొడుగులోకి పోయిన రంగు బయటికి రాదు. పని అయ్యాక చల్లటి నీళ్ళు, కొంచెం ఒంటి సబ్బు చాలు. నాలుకతో మొన సర్దే అలవాటు చాలామందికి ఉంది, మానుకోండి.

ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చోకండి. కూలర్ ఉన్న గదిలో, దాని గాలి నేరుగా తగలని మూల మంచిది, ఆ తడి గాలికి రంగు కాస్త ఆలస్యంగా ఆరుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ పరిచి రంగు కలుపుకోండి.

మీ పాత సెట్ పారేయకండి. అందులో పెద్దవి మెటాలిక్ రంగులకు కేటాయించి, వాటికి వేరే నీళ్ళ గ్లాసు పెట్టండి. ఆ మెరుపు పొడి ఒకసారి మామూలు గ్లాసులో పడితే ముఖాల మీద కూడా మెరుస్తుంది. చీలినవి బొమ్మ నిలబడే బేస్ మీద ఇసుక అంటించే జిగురుకు పనికొస్తాయి. డ్రైబ్రషింగ్‌కు, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో బొమ్మ ఎత్తు భాగాల మీద రుద్దడానికి, మాత్రం వాటిలో ఏదీ పనికిరాదు. దానికి ఫ్యాన్సీ దుకాణంలో దొరికే గుండ్రటి మేకప్ బ్రష్, మెత్తటిది, అన్నిటికన్నా చవకది తెచ్చుకోండి.