సూర్యుడి దగ్గరికెళ్లే టెలిస్కోపు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే దారి తప్పావు. టెలిస్కోపు అనగానే అద్దం ఎంత పెద్దది, ఎంత దూరం చూస్తుంది అంటూ మొదలెట్టావు, కానీ అది దూరపు నక్షత్రాలు చూసేవాళ్ల బాధ, వాళ్లకి వెలుతురు చాలదు. సూర్యుడి దగ్గరికెళ్తే వెలుతురు మరీ ఎక్కువై చస్తాం. వచ్చినదాన్ని దాదాపు అంతా బయటికి గెంటేసి, కావలసిన చిటికెడే లోపలికి రానివ్వాలి. నీ కథ అక్కడుంది.

సూర్యుణ్ణి చూడ్డానికి పంపిన అంతరిక్ష నౌక సోలార్ ఆర్బిటర్‌ని తీసుకో. 2020 ఫిబ్రవరిలో బయల్దేరింది, సూర్యుడికి సుమారు 4.2 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వెళ్తుంది, అక్కడ ఎండ భూమి దగ్గరకంటే 13 రెట్లు. ముందు ఒక కవచం, దానికి చిన్న కంతలు, ఆ కంతల్లోంచే కొన్ని టెలిస్కోపులు తొంగిచూస్తాయి, పని లేనప్పుడు తలుపులు మూసేస్తారు. కవచం మీద ఎముకల బొగ్గుతో చేసిన నల్ల పూత. ఎండకి నలుపేంటి అని నీకు అనిపించాలి, అనిపిస్తే పాఠకుడికీ అనిపించేలా రాయాలి! తెలుపైతే ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు తగిలి రంగు మారుతుంది, మారినకొద్దీ వేడి ఎక్కువ పీలుస్తుంది, వేసిన లెక్కలన్నీ తప్పుతాయి. నలుపుకి ఇంక మారడానికేముంది. సూర్యుడి దగ్గరికే నాసా పంపిన మరో నౌక పార్కర్, దాని కవచానికి మాత్రం తెల్ల పూతే వేశారు, అది కూడా దాచకుండా రాయి.

పార్కర్ ఇంకా మొండిది. 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి సుమారు 61 లక్షల కిలోమీటర్ల దాకా వెళ్లింది. అంత దూరం వెళ్లి కూడా దాని కెమెరా, విస్పర్, సూర్యుణ్ణి నేరుగా చూడదు, 11 సెంటీమీటర్ల పైచిలుకు మందమున్న కవచం నీడలో దాక్కుని పక్కకి చూస్తుంది.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసింది మురికి. జిగుర్లు, వైర్ల తొడుగులు శూన్యంలో సన్నగా ఆవిర్లు వదులుతాయి. అవి కాంతిని పట్టే, చల్లగా ఉంచిన డిటెక్టర్ మీదో అద్దాల మీదో పేరుకుంటాయి, పైన అతినీలలోహిత కాంతి పడితే గట్టిపడి అతుక్కుపోతాయి, ఆ తర్వాత తుడవడానికి అక్కడ ఎవరున్నారు? అందుకే విడిభాగాల్ని ముందే శూన్యపు గదిలో పెట్టి వేడిచేసి ఆ ఆవిర్లు వదిలిస్తారు. నన్నడిగితే దీనికే ఒక పేజీ ఇస్తాను.

'పది లక్షల డిగ్రీల కరోనాలో కరిగిపోకుండా' అన్న వాక్యం కొట్టెయ్. నేనూ ఒకప్పుడు అచ్చంగా అదే రాసి తిట్లు తిన్నా. కరోనా అంటే సూర్యుడి బయటి వాతావరణం, అక్కడ కణాలు మరీ పలచన, వాటి ఉష్ణోగ్రత ఎంతున్నా నౌకకి తగిలే వేడి తక్కువే, కవచాన్ని కాల్చేది ఎండ.

ఈసారి ఆ కంత తలుపు తెరుచుకునే చోట మొదలుపెట్టి రాయి. అద్దం సైజు ఎక్కడైనా ఒక ముక్క చాలు.