మంగు మచ్చల క్రీమ్ మానేస్తే ముఖం మండిపోతోంది.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 31. మంగు మచ్చలకని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఎనిమిది నెలలుగా రాస్తున్నా. మొదట్లో ముఖం తేటపడింది. ఇప్పుడు రెండు రోజులు ఆపినా ఎర్రబడి మంట, చిన్న చిన్న పొక్కులు. మళ్లీ రాస్తే తగ్గుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ట్యూబు మీది సన్నక్షరాలు చదవండి. మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్.. వీటిలో ఏదున్నా అది స్టెరాయిడే. మంగు మచ్చల క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లకు తోడు ఇదీ తరచూ ఉంటుంది. డాక్టర్ రాసినా సాధారణంగా 8 వారాలకు మించి వాడించరు.

చర్మ కణాల్లో స్టెరాయిడ్ కోసమే ఉండే రిసెప్టార్లుంటాయి. మందు వెళ్లి అతుక్కోగానే రిసెప్టార్ కణ కేంద్రకంలోకి దూరి, వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కేస్తుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి. మీరు చూసిన ఆ తేటదనంలో దీని వాటా కూడా ఉంది. చిక్కల్లా, అదే రిసెప్టార్ చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ తయారీనీ తగ్గిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి. పైగా దవడ దగ్గరి చర్మం ముంజేతి కన్నా సుమారు 13 రెట్లు ఎక్కువ మందు పీల్చుకుంటుంది. ఆపగానే, ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా విప్పారతాయి. ఆ మంట అదే. దాన్ని చూసి భయపడి మళ్లీ రాయడంతోనే ఈ క్రీమ్ వదలడం లేదు.

ట్యూబు పట్టుకుని చర్మ వైద్యులను కలవండి. కొందరికి తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్, అంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్‌కు దించి క్రమంగా మాన్పిస్తారు. మరికొందరికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఇస్తారు. ఇది స్టెరాయిడ్ రిసెప్టార్ జోలికి పోదు. రాసిన మొదటి కొన్ని రోజులు చురుక్కుమంటుంది, ట్యూబును ఫ్రిజ్‌లో పెడితే కాస్త నయం. పొక్కులు ఎక్కువుంటే డాక్సీసైక్లిన్ మాత్రలు అవసరం కావచ్చు. గర్భం ఉన్నా, అనుమానమున్నా ముందే చెప్పండి. పూర్తిగా సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

అప్పటిదాకా బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్, ఆవిరి, నిమ్మరసం అన్నీ బంద్. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడుసార్లు, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. రెండు వేళ్ల పొడవునా పిండితేనే ముఖానికీ మెడకూ సరిపోతుంది. రంగున్న రకమైతే మంగుకు ఇంకా మంచిది. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురునూ అడ్డుకుంటుంది.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. రంగు కణాలు ఈస్ట్రోజెన్‌కూ స్పందిస్తాయి, మంగు తిరగబెట్టడానికి అదొక కారణం. క్రీమ్ కనురెప్పల దాకా రాసి ఉంటే కంటి ప్రెషర్ పరీక్ష కూడా చేయించుకోండి.