మిర్చి ఎగుమతిదారులకు ఉత్తరం రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, గుంటూరు మిర్చి ఎగుమతిదారులకు జీఎస్టీ రిటర్నులు, రిఫండు పనులు చేసిపెట్టే సంస్థ పెడుతున్నావనీ, ముఖపరిచయం లేని వ్యాపారులకు ఈమెయిళ్లు రాసి పని అడగబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. యార్డులో ఒకరికి వచ్చిన ఉత్తరం గురించి సాయంత్రానికల్లా పది కొట్లలో మాట్లాడుకుంటారు.

సంస్థ పేరుతో డొమైన్ తీసుకుని, ఈమెయిల్ నిజంగా నీ దగ్గర నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అమరికలు పెట్టుకో; 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో కచ్చితంగా ఉంటోంది. ఒక్కొక్కరికీ విడిగా రాయి. రిటర్నుల గడువులైన 11, 20 తేదీల ముందు ఎవరినీ కదిలించకు.

2005లో వ్యాట్ వచ్చిన కొత్తలో, నేను పనిచేసిన కార్యాలయంలో ఒక తెలివైన కుర్రవాడు చేరాడు. అప్పట్లో టైపు చేసిన ఉత్తరాలే పంపేవాళ్లం. ‘మీ లెక్కల నిర్వహణలోని లోపాల వల్ల మీకు రావలసిన సొమ్ము పోతున్నది’ అని అతడు ఒక మిర్చి వ్యాపారికి రాశాడు. ఆ లెక్కలు అతడు చూసింది లేదు. ఆ కవరు విప్పింది యజమాని కాదు, యజమాని తండ్రి కాలం నుంచి ఆ ఖాతాలు రాస్తున్న గుమాస్తా. ఆయన ఆ ఉత్తరం పట్టుకుని మా కార్యాలయానికి వచ్చి, ‘మా పుస్తకాలు మీరెప్పుడు చూశారయ్యా?’ అని అడిగితే మాలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆయన గొంతులో కోపం కంటే, ఈ వయసులో కొలువు పోతుందేమోనన్న భయమే ఎక్కువగా వినిపించింది. కొట్ల గుమాస్తాలందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి, ఆ తరువాత మా ఉత్తరాలు యజమానుల దాకా చేరడమే మానేశాయి.

ఈరోజుకీ కంపెనీ ఈమెయిల్ ముందు తెరిచేది అకౌంటెంటే తల్లీ. అతడు దాన్ని జంకకుండా యజమానికి చూపించగలిగేలా రాయి. ‘ఐజీఎస్టీ చెల్లించకుండా ఎగుమతి చేయడానికి మీరిచ్చిన హామీపత్రం (ఎల్‌యూటీ) గడువు మార్చి 31తో ముగుస్తుంది. మార్చి సరుకు రాక ఎక్కువగా ఉండే కాలం కనుక, మీ అకౌంటెంటు గారికి ఆ పనిలో, రిఫండు దరఖాస్తులలో మేము తోడ్పడగలం. పది నిమిషాలు ఫోనులో మాట్లాడవచ్చునా?’ ఇంతకు మించి అక్కరలేదు. రిఫండు ఇంత వస్తుందని మాత్రం ఎన్నడూ రాయకు. కాగితాలు చూడకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదు.

నీకు సలహాలిచ్చే ఆడిటరు గారి పేరు కూడా ఉత్తరంలో పెట్టవద్దు. ఆడిటర్లు నేరుగా గానీ, పరోక్షంగా గానీ ఉత్తరాలతో పని అడగడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుంది. నీ ఉత్సాహం ఆయన మెడకు చుట్టుకోకూడదు.

చాలామంది జవాబివ్వరు. చిన్నప్పుడు ఎవరైనా పలకరించకపోతే అన్నం మానేసేదానివి, అందుకే ఇది ముందే చెబుతున్నాను. వారం ఆగి, చెప్పడానికి కొత్త సంగతి ఉంటేనే ఇంకొక్కసారి రాయి. వద్దన్నవారి పేరు జాబితాలోంచి ఆ రోజే తీసెయ్యి.

మొదటి ఉత్తరాలు పంపేముందు నాకొకసారి చూపించు. సెక్షన్లూ తేదీలూ నేను సరిచూస్తాను.

మీ మామయ్య