హీటర్ చల్లగా వీస్తోందంటే ముందు కూలెంట్ చూడు

చిరంజీవి సుధకు మామయ్య ఆశీస్సులు.

పొద్దున కారు హీటర్ వేస్తే చల్లగాలే వస్తోందనీ, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతోందనీ రాశావు. ఇవి రెండు జబ్బులు కావమ్మా, చాలావరకు ఒకటే. ఇంజన్ వేడిని డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ (చిన్న రేడియేటర్ లాంటిది) దాకా మోసుకొచ్చేది కూలెంటే. అది తగ్గి పైపుల్లో గాలి చేరితే వేడి అక్కడికి అందదు. హైదరాబాద్‌లో మనం హీటర్ వేసేదే డిసెంబరు, జనవరిలో. అందుకే ఎండాకాలం నుంచీ ఉన్న లీకైనా ఇప్పుడే బయటపడుతుంది.

మెకానిక్ రేడియేటర్ మార్చేద్దామన్నాడా? ఎక్కడ కారుతోందో చూపించమను. చూపించేదాకా ఒప్పుకోకు.

రాత్రి బండి కింద అట్టముక్క పరుచు. పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే బానెట్ ఎత్తి, హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన రంగు చారలు ఉన్నాయేమో చూడు. ఇంజన్ వేడిగా ఉంటే రేడియేటర్ మూత జోలికి పోకు. నూరు డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఉండేది లోపలి ప్రెషర్ వల్ల కూడా. మూత వదులయిందంటే మొహం మీదికి చిమ్ముతుంది.

అట్ట పొడిగా ఉంటే కారు లోపల ముందు సీట్ల కాళ్ల దగ్గర కార్పెట్ నొక్కి చూడు. తడి తగిలితే టిష్యూతో అద్దు. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా అక్కడే తడుస్తుంది కానీ అవి ఉత్త నీళ్లు, రంగూ వాసనా ఉండవు. తియ్యటి వాసన, వేళ్లకు జిడ్డు ఉంటే హీటర్ కోర్ కారుతున్నట్టే. బ్లోవర్ వేయగానే అద్దం లోపలివైపు జిడ్డు మసక పట్టడమూ దాని గుర్తే. చాలా కార్లలో దానికి డ్యాష్‌బోర్డు విప్పాలి, పార్టు కంటే కూలీయే ఎక్కువవుతుంది.

లోపలా బయటా తడి లేకుండా తగ్గుతుంటేనే నాకు టెన్షన్. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ, కూలెంట్ డబ్బాలో ఆగని బుడగలు ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించు. బండి నడపకుండా టోయింగ్‌కి చెప్పు. చలి పొద్దున కాసేపు వచ్చే ఆవిరి మామూలే.

కూలెంట్ నిండుగా ఉండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంత దూరం వెళ్లినా టెంపరేచర్ ముల్లు కిందే ఉంటే, థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. అది చిన్న పని.

బోరు నీళ్లు మాత్రం పోయకు. మన బకెట్ల అడుగున పేరుకునే ఆ తెల్ల పొరే రేడియేటర్‌లోనూ పడుతుంది. గాఢమైన కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలుపు. లీకు ఆపుతుందని పౌడరేదో అంటగడతారు, వద్దను. సన్నటి హీటర్ కోర్ గొట్టాల్లో అదే అడ్డం పడుతుంది.

గచ్చిబౌలి జామ్‌లో ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి, హీటరూ బ్లోవరూ ఫుల్లు పెట్టి పక్కకు తీసి ఆపెయ్. ఉక్కపోసినా ఇంజన్ మిగులుతుంది.

ప్రెషర్ టెస్టర్ ఉన్న గ్యారేజీనే వెతుక్కో. ఇంజన్ చల్లగా ఉండగా కూలెంట్ తిరిగే పైపుల్లోకి దాంతో గాలి కొట్టి పెడితే కారే చోటు తెలిసిపోతుంది. సెల్లార్‌లో పడిన కూలెంట్ వెంటనే కడిగించు, తీపికి కుక్కలు నాకుతాయి, అది విషం. రేపు పొద్దున అట్ట ఫోటో వాట్సాప్‌లో పెట్టు.

నీ మామయ్య