ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్): పూల్ నుంచి వచ్చాక చూపు మసక, కాళ్లు పట్టు తప్పడం

ఎంఎస్ అంటే ఒంట్లోని ఇమ్యూనిటీయే నరాల మీద దాడి చేసే జబ్బు. అది ఉన్న మీ అక్కగారు కూకట్‌పల్లిలో డాబా మీది పూల్‌లో వ్యాయామం చేసి వచ్చాక చూపు మసకబారుతోందని, కాళ్లు పట్టు తప్పుతున్నాయని అడిగారు. ఇలా అవుతోంది బహుశా వేడి వల్ల. ఇమ్యూనిటీ మళ్లీ నరాల మీద పడిందేమో అని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, ఒళ్లు వేడెక్కితే మైలిన్ (నరాల పైపొర) దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగిస్తాయి. చల్లబడితే సర్దుకుంటాయి.

1. అందరూ వదిలేసేది నీటి వేడి కొలవడం. చేయి పెట్టి చూస్తే తెలియదు. చేపల తొట్టెలో వేసే థర్మామీటర్ చాలు. 27–29 డిగ్రీలుండాలి. ఫిజియోథెరపీ పూల్స్ సాధారణంగా 33 దాటే ఉంటాయి. మనకు హాయిగా ఉన్న గోరువెచ్చదనమే ఆమెకు ఎక్కువ. మీరన్న కూకట్‌పల్లి డాబా మీది పూల్ మే నెల సాయంత్రం నాలుగింటికి కాగు నీళ్లే!
2. పొద్దున ఆరింటికి వెళ్లండి. తర్వాత వేడినీళ్ల స్నానం వద్దు.
3. 24 గంటలైనా తగ్గకపోయినా, జ్వరమున్నా న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయండి.

వ్యాయామం మాత్రం మాన్పించకండి.