బ్రూనైలో జీతం మీద ఆదాయపు పన్ను ఎందుకు ఉండదు?

ఆగ్నేయాసియాలోని చిన్న దేశమైన బ్రూనైలో వ్యక్తులకు ఆదాయపు పన్ను లేదు, ఎందుకంటే అక్కడి ప్రభుత్వ ఖజానా ప్రధానంగా చమురు, సహజవాయువుల రాబడితోనే నిండుతుంది.

1929లో అక్కడి సెరియా పట్టణం దగ్గర చమురు పడింది. ఇప్పటికీ దేశ జనాభా ఐదు లక్షల లోపే. సముద్రం అడుగు నుంచి తీసిన గ్యాస్‌ను లుముత్‌లో ద్రవంగా మార్చి, జపాన్ లాంటి దేశాలకు ఓడల్లో పంపుతారు. రాబడి పెద్దది, పంచుకునేవాళ్లు తక్కువ. అందుకే జీతాల జోలికి వెళ్లాల్సిన అవసరం ప్రభుత్వానికి రాలేదు. పౌరులకు చదువు ఉచితం, వైద్యం దాదాపు ఉచితం.

ఉదాహరణకు, నెలకు 2,000 బ్రూనై డాలర్లు (సింగపూర్ డాలర్‌తో సమాన విలువ) సంపాదించే స్థానిక ఉద్యోగికి పెన్షన్ పథకం కింద కొంత మినహాయిస్తారు, పన్ను కింద మాత్రం ఏమీ పట్టుకోరు.

దీన్నిబట్టి చాలామంది అక్కడ పన్నులే లేవనుకుంటారు. అది నిజం కాదు. మామూలు కంపెనీల లాభాలపై 18.5 శాతం, చమురు కంపెనీలపై ఏకంగా 55 శాతం పన్ను ఉంది. జీతాలపై పన్ను లేకపోవడం దేశాన్ని పాలించే సుల్తాన్ దయ ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటే; అది చమురు రాబడి మీదే ఆధారపడి ఉంది. అందుకే 2014 తర్వాత చమురు ధర పడిపోయినప్పుడు ప్రభుత్వ బడ్జెట్ లోటులోకి జారింది.